మరకుక్కకు అంత్యక్రియలు

జపాన్‌లోని చిబా ప్రాంతంలో ఇసుమి అనే ఊరుంది. అక్కడి కోఫుకుజి బౌద్ధాలయంలో 2018 ఏప్రిల్‌లో 114 కుక్కల్ని వేదిక మీద వరసగా పేర్చి అంత్యక్రియలు చేశారు. ధూపం వేశారు, పూజారి సూత్రాలు చదివారు. ఒక్కోదానికి ఏ ఊరిదో, ఎవరింటిదో రాసిన చీటీ కట్టి ఉంది. అవన్నీ సోనీ వాళ్ళ ఐబో మరకుక్కలు.

1999లో మొదటి ఐబో రెండున్నర లక్షల యెన్ల ధరతో వచ్చింది. 2006లో తయారీ ఆగింది. 2014లో కంపెనీ మరమ్మతులూ మానేసింది. కీళ్ళు అరిగి లేవలేని కుక్కని పట్టుకుని ఎవరి దగ్గరికెళ్ళాలి? పాత సోనీ ఇంజనీర్లు కొందరు ఎ-ఫన్ అనే సంస్థ తరఫున ఆ పని నెత్తినేసుకున్నారు. కొత్త విడిభాగాలు దొరకవు కాబట్టి చచ్చిన కుక్కలోంచి మోటారు తీసి బతకాల్సినదానికి వెయ్యాలి. అలా విప్పేముందు దానికి శాంతి చేయించడం ధర్మమనుకున్నారు. ఆ మోటారు ఏ గేరుతో తిరుగుతుందో తెలిసినవాళ్ళే దానికి దండం పెట్టారన్నమాట. అందుకే దీన్ని చాదస్తమని నేను కొట్టిపారెయ్యలేను.

అదే దేశంలో విరిగిన సూదుల్ని మెత్తటి తోఫులో గుచ్చి సాగనంపే ఆచారం ఉంది. మన దగ్గర దసరాకి లేత్ మిషను శుభ్రంగా తుడిచి బొట్లు పెడతారు, లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇంజనులో ప్రాణం ఉందా లేదా అని మెకానిక్ తర్కించడు. చప్పుడు కాస్త మారితే చాలు, ఏ బేరింగు పోయిందో చెప్పేస్తాడు. ఏడాది పొడుగునా తనకి అన్నం పెట్టినదాన్ని అంత దగ్గరగా ఎరిగినవాడు దానికి బొట్టు పెట్టడంలో నాకు వింతేమీ కనపడదు.

నా దిగులంతా ఇప్పటి వస్తువుల గురించే. చేతిలో ఫోను మనం ఎక్కడికెళ్ళామో, ఎవరితో మాట్లాడామో గుర్తుపెట్టుకుంటుంది. మనకేమో జిగురుతో అతికించిన దాని బ్యాటరీ ఊడదీయడం కూడా రాదు. 2018లో వచ్చిన కొత్త ఐబో జ్ఞాపకాలు కంపెనీ సర్వర్లలో ఉంటాయి. రేపు ఆ సర్వర్లు ఆపేస్తే, ఎంత నేర్పరి ఇంజనీరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏం చేస్తాడు? పాత కుక్క అరిగి పోయింది. దీని ఆయువు ఇంకెవరి చేతిలోనో ఉంది. మనుషులు పేరుపెట్టి పిలుచుకునేదాన్ని అలా ఒకరి చేతిలో పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కు మీద చట్టం తెచ్చింది. వాషింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు అందులో ఉన్నాయి. ఒంటరి ముసలివాళ్ళ ఒళ్ళో కూర్చునే మరకుక్కల్నీ అందులో చేర్చాలి. అమ్మకాలు ఆపేసిన కంపెనీ వాటి జ్ఞాపకాల్ని పెంచినవాళ్ళకి అప్పగించి తీరాలి.