లోయ తెరిచి ఉందా?

గుప్తకాశీ, ఫాటా, సిర్సీ. ఉత్తరాఖండ్‌లోని మందాకిని లోయలో ఉన్న ఈ ఊళ్లలో యాత్రల కాలంలో పొద్దున్నే హెలికాప్టర్ల మోత మొదలవుతుంది. గౌరీకుండ్ నుంచి నడిచి కేదార్‌నాథ్ చేరాలంటే రోజంతా పడుతుంది. ఫాటా నుంచి హెలికాప్టర్‌కు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లోనే అది ఇరుకు లోయలో పైకెక్కి, 3,583 మీటర్ల ఎత్తున ఉన్న గుడికి దగ్గర్లో వాలాలి. ఎదురుగా వచ్చే హెలికాప్టర్లను తప్పుకోవాలి. వెనక్కి తిరగడానికి చోటు తక్కువ. కొండ కంటికి కనబడుతుంటేనే ఎగరాలి. అందుకే ఇక్కడ ఏ పైలట్‌కైనా ముందు కావాల్సింది ఒకే సమాధానం: లోయ తెరిచి ఉందా, మూసుకుపోయిందా?

మైదానంలో అయితే దీనికి ప్రభుత్వమే జవాబిస్తుంది. విమానాశ్రయాల్లోని వాతావరణ శాఖ కార్యాలయాలు గాలి వేగం, ఎంత దూరం కనబడుతోంది, మబ్బులు ఎంత ఎత్తున ఉన్నాయి అన్నవి ఎప్పటికప్పుడు చెబుతాయి. రాబోయే గంటల అంచనాలూ ఇస్తాయి. పైలట్ వాటిని ఆన్‌లైన్‌లో చూసుకుని ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేస్తాడు. డెహ్రాడూన్‌లోని జాలీ గ్రాంట్ విమానాశ్రయంలోనూ ఈ ఏర్పాటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ రన్‌వే ఎత్తు 600 మీటర్లు కూడా లేదు. అక్కడ ఎండ కాస్తోందంటే, సుమారు వంద కిలోమీటర్ల అవతల లోయలో ఏం జరుగుతోందో తెలిసినట్టు కాదు.

ఆ వెలితిని ఏళ్ల తరబడి పూడ్చింది ఎక్కువగా పైలట్ల నోటిమాటే. ముందు వెళ్లినవారు వెనకవారికి రేడియోలో చెప్పడం. చెడ్డ పద్ధతేమీ కాదు గానీ, ఇక్కడి మబ్బు అంత వ్యవధి ఇవ్వదు. 2025 జూన్ 15న ఒక హెలికాప్టర్ ఉదయం 5.10కి గుప్తకాశీలో లేచి 5.18కి కేదార్‌నాథ్‌లో దిగింది. మరో నిమిషంలో తిరుగు ప్రయాణం కట్టింది. గౌరీకుండ్ దగ్గర కూలిపోయింది. పైలట్‌తో పాటు ఏడుగురూ చనిపోయారు. వారిలో రెండేళ్లయినా నిండని పాప ఒకరు. అంటే కాసేపటి కిందట ఆ పైలట్ తన కళ్లతో చూసివచ్చిన దారే అది. లోయ ముఖం దగ్గర దారి సరిగా కనబడకున్నా, మబ్బు కమ్మి ఉన్నా ఎగిరారన్నది పౌర విమానయాన శాఖ ప్రాథమిక అభిప్రాయం. 2022 అక్టోబర్ 18న గరుడ్ చట్టీ దగ్గర కూలిన హెలికాప్టర్‌లోనూ చనిపోయింది ఏడుగురే.

మబ్బులోకి వెళ్లిన హెలికాప్టర్ గురించి తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2 నాటి నల్లమలను ఎవరూ మరచిపోలేదు. జూన్ ప్రమాదం నాటికి విమానయాన మంత్రి కూడా తెలుగువారే, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. ప్రమాదం తర్వాత సర్వీసులు రెండు రోజులు ఆపేశారు. వానాకాలం వెళ్లాక, సెప్టెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు లోయను చూపే కెమెరాలు, మబ్బు ఎత్తు కొలిచే పరికరాలు, వాతావరణ సిబ్బంది వచ్చారు. ఆలస్యమే అయినా అవసరమైన పని. అయితే కెమెరా మబ్బును చూపిస్తుంది గానీ, టికెట్ కొని వరుసలో నిలబడ్డవారికి 'ఇవాళ లేదు' అని చెప్పదు. ఆ మాట ఇంకా పైలటో, కంట్రోల్ రూమో చెప్పాల్సిందే.

మధ్యాహ్నం దాటితే మందాకిని మీద మబ్బు పైకి లేస్తుంది. హెలిప్యాడ్‌లో పేర్లు పిలవడం ఆగిపోతుంది. మిగిలిపోయినవారు మూటాముల్లె సర్దుకుని గౌరీకుండ్ జీపుల కోసం రోడ్డు మీదికొస్తారు.