నడివయస్సునకు నవల యేది?

మన ప్రేమనవలలు సాధారణముగా మంగళసూత్రముకడ ముగియును. నాయికానాయకులు అపార్థములు దాటి, ఆస్తి యంతస్తుల యడ్డుగోడలు దాటి, పెండ్లిపీటలపై కూర్చుండునంతవరకే రచయిత వారి వెంట నడచును. తలంబ్రాలు పడగానే కలము దించి వెడలిపోవును. బ్రదుకు మాత్రము అచ్చట నాగదు. మరునాడు తెల్లవారును, పాలు కాచవలెను, అప్పులు తీర్చవలెను. పిల్లలు పుట్టి, పెరిగి, రెక్కలు వచ్చి యెగిరిపోవుదురు. అప్పటికి ఆ నాయికకు నలువదియైదేండ్లుండును. ఇంకను ముప్పది యేండ్ల జీవితము ముందుండవచ్చును. ఆ ముప్పది యేండ్లకు మన సాహిత్యమున కథ యేది?

ఈ ప్రశ్న మొదట నాకు తోచినది కాదు. మా మేనత్త వేసినది. మాది నెల్లూరిసీమకు పడమట, సోమశిలకు చేరువనున్న కలువాయి. ఆమె యిరువదితొమ్మిదవ యేట భర్తను కోల్పోయెను. కుట్టుమిషను నమ్ముకొని ఇద్దరు బిడ్డలను చదివించెను. పగలంతయు రవికలు కుట్టి, రాత్రులు నవలలు చదివెడిది. వారపత్రికలలో వచ్చు ధారావాహికలను వారము వారము చించి దాచి, కథ ముగియగానే దబ్బనముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితముతో అట్టవేసి పుస్తకము చేసెడిది. ఆ పుస్తకములు వీధివీధియు తిరిగి, పసుపుమరకలతోను నూనెమరకలతోను మరల ఇల్లు చేరెడివి. ఒకనాడామె నాతో, “అబ్బయా, ఈ కథల్లో ఆడపిల్లలందరికీ ఇరవై యేండ్లే. ఆ తరువాత వీండ్లంతా యేమైపోతారు?” అనెను. నాకు సమాధానము దొరకలేదు.

ఆ నవలలను చులకన చేయుట నా యుద్దేశము కాదు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1960వ దశకమున వెలువడి, 1976లో చలనచిత్రమైనది. అందలి జయంతి ఉద్యోగము చేసి తన కూడు తాను సంపాదించుకొను యువతి, ఆత్మాభిమానము గలది. వంటయింట పొయ్యి ఆర్పిన పిదప పుస్తకము చేతబట్టు అలవాటును వేలకొలది స్త్రీలకు నేర్పినవి అట్టి నవలలే. అందలి నాయకుని పేరు రాజశేఖరము. తెలుగు నవల తొలినాళ్లలోని గృహస్థు పేరును రాజశేఖరుడే యగుట విశేషము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తమ ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటింప నారంభించిరి. గోల్డుస్మిత్ అను ఆంగ్లరచయిత నవల దానికి ప్రేరణము. అందు రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణి భర్త మరణించినట్లు వార్త వచ్చును. తుదకా వార్త అబద్ధమని తేలి, భర్త సజీవుడై తిరిగివచ్చును. వితంతువివాహమునకు 1856లోనే చట్టము కలిగియుండెను. అయినను నవల ఆ త్రోవ త్రొక్కలేదు. 1881 డిసెంబరు 11న ఆ రచయితయే రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును నిజముగా జరిపించిరి. నవల వెనుకాడినచోట జీవితము ముందడుగు వేసెను. అయితే ఆ వధువు బాలవితంతువు. సంస్కర్తల కరుణ మొట్టమొదట పసిపిల్లలపై ప్రసరించెను, అది న్యాయమే. చట్టము వయస్సు గీత గీయకున్నను, నలువది దాటిన స్త్రీకి మాత్రము లోకము జపమాలయే చేతికిచ్చెను.

ఇక హాస్యము మాట. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి వ్రాయబడెను. ముదిమిలో పెండ్లికి సిద్ధపడిన లుబ్ధావధానులకు ఆడువేషము వేసిన కుర్రవానిని కట్టబెట్టి ఆయన మనలను కడుపుబ్బ నవ్వించిరి. ఆ నవ్వు చురుకైనది, అవసరమైనది. ఆ నాటకముననే పూటకూళ్లు పెట్టి స్వయముగా బ్రదుకు వితంతువొకతె కలదు. ఆమె చేతికి చీపురుకట్ట వచ్చినది గాని, ఆమె వృత్తియే ఆమెకు పేరైనది. మునిమాణిక్యము నరసింహారావుగారు కాంతము కథలలో మరియొక త్రోవ చూపిరి. పెండ్లియైన పిదపకూడ ప్రేమ కలదనియు, ఆలుమగల పోట్లాటలో ఎవ్వరిని కించపరుపక నవ్వింపవచ్చుననియు వారు నిరూపించిరి. ఆ నవ్వును నడివయస్సు వాకిటివరకు కొనిపోవువారు మరికొందరు కావలెను.

కొత్త బ్రదుకనగా మరల పెండ్లియాడుట మాత్రమే కాదు. 1880లో జన్మించి, బాల్యముననే వైధవ్యము పొందిన దువ్వూరి సుబ్బమ్మగారు నలువది దాటిన పిదప సహాయనిరాకరణోద్యమమున సభలలో ప్రసంగించి, 1922లో చెరసాలకు వెళ్లిరి. అట్టి జీవితములు చరిత్రపుటల కెక్కినవి. ప్రేమకథలలోను నవ్వుకథలలోను మాత్రము ఆ వయస్సు స్త్రీ అత్తగారుగానో, గయ్యాళి పొరుగామెగానో కనబడుచున్నది.

మా మేనత్తకు నలువదియెనిమిదవ యేట ఆమె కథలోనికి ఒక మనుష్యుడు వచ్చెను. భార్య పోయిన యుపాధ్యాయుడు; పుస్తకములు అరువు తీసుకొని, గడువులోపల మరకలేకుండ తిరిగి యిచ్చెడివాడు. వారిద్దరు పెండ్లియాడదలచిరని తెలియగానే ఊరు నవ్వెను. కుమారుడు, “మా అత్తగారింట తల యెట్లెత్తుకొనేది?” అనెను. ఆ యేడే మా బంధువులలో ఏబదిరెండేండ్ల పురుషునకు భార్య మరణించినది. మాసికములు ముగియకమునుపే పెద్దలు సంబంధములు తెచ్చిరి. “పాపము, వండిపెట్టువారు వలదా?” అనిరి. అచ్చట నవ్వినవారు లేరు. పురుషుని యవసరము జాలి పుట్టించెను. స్త్రీ కోరిక నవ్వు పుట్టించెను.

వివాహము రిజిస్టరు కార్యాలయమున జరిగెను. కుమారుడు రాలేదు, కుమార్తె ఆలస్యముగా వచ్చి తల్లిచేయి పట్టుకొని నిలిచెను. సంతకములవేళ పెండ్లికొడుకు కళ్లద్దములు ఇంట మరచివచ్చినట్లు తెలిసినది. పెండ్లికూతురు తన జోడు తీసి ఆయన ముక్కుపై పెట్టి, “ఇక్కడ, ఈ గీతపైన” అని వ్రేలితో చూపెను. ఆయన వ్రాసిన పిదప మరల తాను పెట్టుకొని వ్రాసెను. చూచినవారందరు నవ్విరి; వారిద్దరు అందరికంటె మిన్నగా నవ్విరి. ఊరు నవ్విన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. మొదటిది మనుష్యుని గడపలోపలికి నెట్టును. రెండవది తలుపు తెరచును.

యువరచయితలకు నా విన్నపమిది. మోకాళ్లనొప్పులు, తెల్లవెండ్రుకలు, బిడ్డల కోపము, బ్యాంకుపుస్తకములోని కొద్దిపాటి సొమ్ము, వీనినన్నిటిని దాచక ఒక నవ్వుకథ వ్రాయుడు. మీ నాయిక మరల పెండ్లాడనిండు, లేదా కుట్టుమిషను ముందు ఒంటరిగా కూర్చుండి కొత్త బేరములు చేయనిండు. నిర్ణయము మాత్రము ఆమెది కావలెను. వీరేశలింగముగారు నవలలో చేయనిదానిని ఊరిలో చేసి చూపిరి. ఇప్పుడు ఊళ్లలో అచ్చటచ్చట జరుగుచున్నదానిని నవలలో వ్రాయుటకు మనము జంకనేల? ఆ పుస్తకము వెలువడిన నాడు దానికి పసుపుమరకలు పడుటకు ఎన్నో దినములు పట్టవు.