సారథిని మరచిన ఉపన్యాసం

మొన్న వ్యాసభారతం తిరగవేస్తూ ద్రోణపర్వం వద్ద ఆగిపోయాను. పద్మవ్యూహంలోకి అభిమన్యుని రథం తోలినవాడు సుమిత్రుడు. ఆ పేరు కనబడగానే ఒక పాత అపరాధం మనసులో మెదిలింది.

1999 సెప్టెంబరు 4న హైదరాబాదులోని సంజీవరెడ్డినగర్ కూడలిలో ఐ.పి.యస్. అధికారి చదలవాడ ఉమేశ్‌చంద్ర కారుపై పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయన కారు దిగి, చేత ఆయుధం లేకుండానే హంతకులను వెంబడించి, వారి తూటాలకు బలయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్లు. అంతకు కొన్నేళ్ల మునుపే కడప జిల్లా ఎస్పీగా ముఠాకక్షలను అణచినవారుగా పేరు పొందారు. నాటుబాంబుల మోతకు అర్థం తెలిసిన పొరుగు జిల్లావాళ్లం గనుక, మా పత్తికొండలో ఆ వార్త విని కంట తడి పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి.

కొన్నాళ్లకు బడిలో ప్రార్థనవేళ ఆయనను గూర్చి మాట్లాడాను. అభిమన్యునితో పోల్చాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. ఉపన్యాసం రక్తి కట్టిందనుకున్నాను.

తరగతిలో ఒక పిల్లవాడు లేచాడు. తండ్రి పోలీసు జీపు డ్రైవరు.

"సార్, ఆ కారులో గన్‌మ్యానూ డ్రైవరూ గూడా చచ్చిపోయినారంట గదా. వాళ్లను గురించి చెప్పకపోతిరే? మా నాయన రాత్రి డ్యూటీకి పోతే మాయమ్మ నిద్రపోదు సార్."

"కూర్చో" అన్నాను. అంతకుమించి నా పాండిత్యానికి మాట దొరకలేదు.

సంజీవరెడ్డినగర్ కూడలిలో ఉమేశ్‌చంద్ర విగ్రహం వెలిసింది. అది సముచితమే. కాని ఆనాడు ఒకే వాహనంలో మృత్యువును ఎదుర్కొన్నవారు ముగ్గురు. 1959లో లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు మరణించిన అక్టోబరు 21వ తేదీని ఏటా పోలీసు అమరవీరుల సంస్మరణ దినంగా జరుపుతారు. ఆ సంవత్సరం విధినిర్వహణలో అసువులు బాసిన పోలీసులందరి పేర్లనూ చదువుతారు. అధికారి పేరు చదివిన గొంతే కానిస్టేబులు పేరూ చదువుతుంది. ఆ పిల్లవాడు అడిగింది అంతే గదా!

ఆ తరువాత ఉద్యోగ విరమణ వరకు, సుమిత్రుని పేరు చెప్పకుండా అభిమన్యుని పాఠం ముగించలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆనాడు కూర్చోమన్నందుకు మాత్రం, నేను లేచి నిలబడి అతనికి క్షమాపణ చెప్పవలసి ఉంది.