బోరు నీళ్ళ బంధువులు

హైదరాబాద్ చిక్కడపల్లిలో గీజర్లు బాగుచేసేవాళ్ళకి పని కరువుండదు. పాత ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపిన సందుల్లో అడుగడుగునా బోర్లే. ఆ నీళ్ళకి గీజర్ కాయిల్ మీద సున్నం పెచ్చు కడుతుంది, స్టీలు బకెట్ అంచున తెల్లచార పడుతుంది, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రానంటుంది. నారాయణగూడలో అయినా అశోక్‌నగర్‌లో అయినా బోరు నీళ్ళని తిట్టుకోని ఇల్లాలు ఉండదు. ఆ నీళ్ళనే ఇష్టంగా ఒప్పుకునే ప్రాణులూ కొన్ని ఉన్నాయి. వాటి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సులు. అక్వేరియం దుకాణాల్లో వాటిని ఆఫ్రికన్ సిక్లిడ్లు అంటారు.

దుకాణంలోకి వెళ్ళినవాళ్ళ కన్ను రంగు మీద పడుతుంది గానీ నీళ్ళ మీద పడదు. నియాన్ టెట్రా, డిస్కస్ అమెజాన్ చేపలు. వాటికి సున్నం తక్కువగా, కాస్త ఆమ్లం వైపు మొగ్గే నీళ్ళు కావాలి. వాటిని తెచ్చి బోరు నీళ్ళలో వేసి, అవి వాడిపోతుంటే ఇరవై లీటర్ల ఆర్‌వో క్యాన్లు తెప్పించి పోసే ఇళ్ళున్నాయి. చేపకోసం నీళ్ళు కొనడం కంటే, ఉన్న నీళ్ళకి సరిపోయే చేపను కొనడం తెలివైన పని. మలావీ సరస్సు నీటి పీహెచ్ సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. టాంగన్యీకాలో 9 దగ్గరికి పోతుంది. క్యాన్ నీళ్ళు ఆఫ్రికన్ సిక్లిడ్లకి మేలు చేయకపోగా కీడు చేస్తాయి. ఖనిజాలు తీసేసిన నీళ్ళలో పీహెచ్ నిలకడగా ఉండదు.

అలాగని బోరు తిప్పి ట్యాంకు నింపేయమని కాదు. నిజానికి మలావీ నీళ్ళు మన గ్రానైటు పొరల్లోంచి వచ్చే బోరు నీళ్ళంత గట్టివి కావు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు సగం బోరు, సగం నల్లా నీళ్ళు కలుపుతారు. జలమండలి పంపే మంజీరా, కృష్ణా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రోజు బకెట్లో ఉంచుతారు, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తారు. డ్రైనేజీ లైన్లు పాతబడిన బస్తీల్లో బోరులోకి నైట్రేట్లు దిగే ప్రమాదం ఉంది. కుక్క కరిస్తే టీకాకి అందరూ పరిగెత్తే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు కూడా చేస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. చేపలకోసం కాకపోయినా, ఆ నీళ్ళే తాగే మనుషులకోసమైనా ఒక సీసా పట్టుకెళ్ళడం మంచిదే.

ఇక రాళ్ళు. మలావీలో ఎంబూనా అనే తెగ చేపలు ఒడ్డున రాళ్ళ సందుల్లోనే పుట్టి, అక్కడే పెరుగుతాయి. ట్యాంకులో ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచే మొసలి బొమ్మ పెడితే వాటికి దాక్కునే చోటు లేనట్టే. దుకాణంలో రాళ్ళు కిలోల లెక్కన అమ్ముతారు. కానీ పాత ఇల్లు కూల్చిన చోట షాబాదు బండ ముక్కలు ఊరికే దొరుకుతాయి. షాబాదు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. అంచు మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వస్తాయి. అంటే ఆ రాయి నీటి పీహెచ్‌ని దిగిపోకుండా నిలబెడుతుంది. పైగా పలకలు పలకలుగా ఉంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి వంతెనలా పేర్చితే గుహలు తయారు. సిమెంటు, రంగు మరకలు లేనివి ఏరుకుని బ్రష్‌తో రుద్ది కడగాలి. పేర్చేటప్పుడు ఒక్క జాగ్రత్త: ముందు గాజు అడుగున పలుచటి థర్మకోల్ షీటు, దాని మీద రాయి, ఆ తరవాతే ఇసుక. ఇసుక పోసి రాయి పెడితే, ఈ చేపలు నోటితో ఇసుక తోడి తోడి రాతి కిందికి సొరంగం తవ్వేస్తాయి. రాయి దొర్లిందంటే గాజు పగులుతుంది, హాలు చెరువవుతుంది.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు పడుతుంది సుమారు 250 లీటర్లు. గాజు, రాళ్ళు, స్టాండు కలిపితే మూడు వందల కిలోలు దాటుతుంది. అద్దె ఇంట్లో బాల్కనీ చివర కాదు, గోడవారగా, కింద దూలం ఉన్న చోట పెట్టాలి. గ్రూప్స్‌కి చదువుతూ ఏడాదికో గది మారే అశోక్‌నగర్ అభ్యర్థికి ఇది అయ్యే పని కాదు. అతనికి టాంగన్యీకా నత్తగుల్లల చేపలు నప్పుతాయి. నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియాటస్ అనే ఆ చేప పెరిగితే నాలుగు సెంటీమీటర్లు. ఇసుక, గుప్పెడు ఖాళీ గుల్లలు వేసిన రెండడుగుల ట్యాంకులో ఒక్కో గుల్లను ఒక్కో చేప ఇల్లు చేసుకుంటుంది. అంత చిన్న ప్రాణి, గుల్ల దగ్గరికి వేలు పెడితే పొడవడానికి వస్తుంది.

“అన్నా, మిక్స్ ఇచ్చెయ్యాల్నా?” అన్న ప్రశ్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మిక్స్ అంటే పేరూ ఊరూ లేని పిల్లలు. దేశంలో రంగు చేపల వ్యాపారానికి చెన్నై కొళత్తూరు, కోల్‌కతా పెద్ద కేంద్రాలు. ఇక్కడ అమ్మే సిక్లిడ్లు సరస్సులో పట్టినవి కావు, ఇలాంటి చోట్ల తొట్లలో తరతరాలుగా పెంచినవే. కాబట్టి మన నీళ్ళకి తొందరగా అలవాటు పడతాయి. జాతులు కలిసిపోయి సంకరమైనవీ వాటిలో ఎక్కువే. రెండంగుళాలకే ఒళ్ళంతా రంగు తేలిన పీకాక్ అనే సిక్లిడ్ పిల్లను చూస్తే అనుమానించాలి. పీకాక్‌లలో మగవాటికి రంగు రావడానికి నెలలు పడుతుంది, ఆడవి జీవితాంతం బూడిదరంగే. హార్మోన్లతో తెప్పించిన రంగు ఇంటికొచ్చాక వెలిసిపోతుంది.

పసుపు మీద నల్లచారలతో ముద్దుగా కనిపించే పిల్ల ఆరాటస్ కావచ్చు. పేరు గుర్తుపెట్టుకోవాలి. మగది పెద్దయ్యాక నల్లబడుతుంది, రంగుతోపాటు గుణమూ మారుతుంది. తోటి చేపల తోకలు, రెక్కలు చింపి మూలకి తోస్తుంది. నుదుట బొడిపెతో గంభీరంగా ఉండే ఫ్రంటోసా మూడంగుళాల సైజులో చవగ్గా దొరుకుతుంది, కానీ అది అడుగు దాకా పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఎలక్ట్రిక్ ఎల్లోను మించినది లేదు. జెఫ్రీ ఫ్రయర్ 1956లో శాస్త్రీయంగా వర్ణించిన లాబిడోక్రోమిస్ సెరూలియస్ ఇదే. నిమ్మపండు పసుపు, వీపు మీది రెక్కకి నల్లటి అంచు. ఆడదీ మగదీ రెండూ అందంగానే ఉంటాయి. ఎంబూనాల్లో ఇంత నెమ్మదస్తురాలు అరుదు.

సంఖ్య విషయంలో ఈ చేపలది తిరకాసు లెక్క. దయతలచి రెండు మూడు మాత్రమే వేస్తే, బలమైనది మిగతావాటిని వెంటాడి చంపుతుంది. నాలుగడుగుల ట్యాంకులో పదిహేను, ఇరవై వేస్తే దెబ్బలు పంచుకుపోతాయి. కిక్కిరిసిన సిటీ బస్సులో ఎవడూ ఒక్కడితోనే పోట్లాట సాగించలేడు కదా. ప్రతి జాతిలో ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంటే మేలు. అన్నీ ఒకే రోజు దింపితే, ముందొచ్చిన హక్కు ఏదీ చెప్పుకోలేదు.

గుంపు పెరిగితే మురికీ పెరుగుతుంది. బోరు నీళ్ళలో ఉన్న చిక్కు కూడా ఇక్కడే. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమోనియాలో విషరూపం పీహెచ్ 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. 27 డిగ్రీల వెచ్చదనంలో పీహెచ్ 8.2 అయితే అది తొమ్మిది శాతం దాటుతుంది. అందుకే ఫిల్టర్‌లో మేలుచేసే బ్యాక్టీరియా స్థిరపడేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, చేపల గుంపుని దింపకూడదు. ఆపైన వారానికి పాతిక శాతం నీళ్ళు మార్చాలి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు కావాలి. మే నెలలో నీళ్ళు 30 డిగ్రీలు దాటితే మూత తీసి చిన్న ఫ్యాను తిప్పాలి. హీటర్ అవసరం డిసెంబరు, జనవరి రాత్రులకే.

తిండి పెట్టే చెయ్యే ఎక్కువ చేపల్ని చంపుతుంది. ఎంబూనాలు రాళ్ళ మీది నాచు గీక్కు తినేవి, వాటి పేగు పొడవు. బ్లడ్‌వార్మ్స్, మాంసపు ముక్కలు వేస్తూ పోతే పొట్ట ఉబ్బి చనిపోతాయి. ఆ జబ్బుకి మలావీ బ్లోట్ అనే పేరే స్థిరపడింది. స్పిరులినా గుళికలు, అప్పుడప్పుడు ఉడికించిన పాలకూర చాలు.

ఒకరోజు ఆడ ఎల్లో తిండి దగ్గరికి రాదు. జబ్బు చేసిందని మందు పోసేముందు దాని దవడ కింద చూడాలి. సంచిలా ఉబ్బి, నెమ్మదిగా నములుతున్నట్టు కదులుతుంటే నోట్లో గుడ్లున్నాయన్నమాట. సుమారు మూడు వారాలు దాదాపు ఉపవాసముండి, పిల్లలు ఈదే వయసొచ్చాక ఉమ్ముతుంది. రెండు మూడు కాన్పులకే ట్యాంకు చాలదు.

అప్పుడే కొందరికి, ఎక్కువైన పిల్లల్ని హుస్సేన్‌సాగర్‌లో వదిలేయడానికి ట్యాంక్‌బండ్ గుర్తొస్తుంది. ఆఫ్రికన్ సిక్లిడ్‌కి మన చెరువులు కొత్త కాదు. 1952లో దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఈ కుటుంబానిదే, అదిప్పుడు దేశమంతా చెరువుల్లో స్థానిక చేపల తిండిలో వాటా పంచుకుంటోంది. అద్దం శుభ్రం చేస్తుందని దుకాణాల్లో అమ్మే సక్కర్ చేపది మరీ ఘోరం. తూర్పు కనుమల నీటివనరుల్లో అదెంత దూరం పాకిందో నీళ్ళలోని డీఎన్‌ఏతో పసిగట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించాల్సి వచ్చింది. కాబట్టి పిల్లలు ఎక్కువైతే హుస్సేన్‌సాగర్ దాకా వెళ్ళకండి. సంచిలో సగం నీళ్ళు, సగం గాలి నింపి, కొన్న దుకాణానికే తీసుకెళ్ళండి. ఆరోగ్యంగా ఉన్న ఎల్లో పిల్లల్ని వద్దనే దుకాణదారు అరుదు, బదులుగా మేత డబ్బా అయినా ఇస్తాడు.