తొవ్వ చూపే యంత్రం కోసం పుత్లీబౌలికి

ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి రంగ్‌మహల్ చౌరస్తా వైపు నడిస్తే పుత్లీబౌలి వస్తుంది. హైదరాబాద్‌లో పాత బండి నడిపేవాళ్లలో ఈ వీధి తెలియనివాళ్లు తక్కువ. చైన్ స్ప్రాకెట్లు, క్లచ్ కేబుళ్లు, సైలెన్సర్లు, సీటు కవర్లు దుకాణాల్లో పట్టక ఫుట్‌పాత్ మీదికి వచ్చేస్తాయి. నేను వెళ్లింది జీపీఎస్ కోసం. శ్రీశైలం, దోర్నాల మీదుగా మార్కాపురం దాకా బండ్ల మీద వెళ్లాలని మిత్రులం అనుకుంటున్నాం. నల్లమలలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. తక్కువ డబ్బుతో దారి తప్పకుండా చూపే సాధనమేదో కళ్లారా చూసి తేల్చుకోవాలనిపించింది.

జీపీఎస్ అని అడగ్గానే దుకాణదారు చిన్న నల్లడబ్బా ఒకటి తీసి గల్లా మీద పెట్టాడు. స్క్రీను లేదు, రెండు వైర్లు మాత్రం వేలాడుతున్నాయి. ఇందులో దారి ఎక్కడ కనిపిస్తుందని అడిగాను.

"గిది ట్రాకర్ అన్నా. బండిని దొంగలెత్తుకపోతె యాడున్నదో చూపిస్తది. మనం ఎటు పోవాల్నో చెప్పది. శానమంది ఇదే కొనుక్కపోయి, స్క్రీన్ ఏదని మల్లొస్తరు" అన్నాడు.

లోపల సిమ్ము ఉంటుంది, ఏటా రీచార్జి చేయించాలి. దొంగతనాల భయం ఉన్నవాళ్లకు మంచి వస్తువే. ఆన్‌లైన్‌లో బండి జీపీఎస్ అని వెతికినా చవకగా దొరికేవి ఎక్కువగా ఇవే కాబట్టి, దారి కోసం కొనేవాళ్లు మొదట చూడాల్సింది పెట్టె మీద నావిగేషన్ అని ఉందా లేదా అన్నదే.

దారి చూపే అసలు యంత్రాల్లో పేరున్నది గార్మిన్ జూమో. 2020లో జూమో ఎక్స్‌టీ విడుదలైనప్పుడు అమెరికాలోనే దాదాపు 500 డాలర్లు. ఎండలో కనిపించే తెర, గ్లవ్స్‌తో తాకినా పలకడం, వానకు చెడకపోవడం దాని బలాలు. నెలల తరబడి దేశాలు తిరిగేవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుందేమో గాని, ఏడాదికి నాలుగైదు దూరప్రయాణాలు చేసే మనకు కాదు. ఈ దుకాణంలో అది లేదు, అడిగేవాళ్లూ లేరట. వాళ్ల దగ్గర ఉన్నవి ఫోన్ హోల్డర్లు, ఇంకా కొత్తగా వస్తున్న అయిదంగుళాల చైనా తెరలు. ఆ తెర ఫోన్‌లోని ఆండ్రాయిడ్ ఆటోనో కార్‌ప్లేనో వైర్‌లెస్‌గా అందుకుని చూపిస్తుంది. ఫోన్ జేబులో భద్రంగా ఉంటుంది. అయితే మ్యాపూ, దారి లెక్కా అన్నీ ఫోన్‌వే.

గల్లా పక్కన ఒక డెలివరీ కుర్రాడు తన వంతు కోసం నిల్చున్నాడు. డేటా అయిపోతే జీపీఎస్ పనిచేయదు కదన్నా అన్నాడు. ఎంతోమంది నమ్మేది ఇదే. నిజానికి ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి సమయం చెబుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఫోన్‌లోని చిప్ కనీసం నాలుగింటిని విని, ఏ సంకేతం ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి మనం ఎక్కడున్నామో తేలుస్తుంది. దీనికి నెట్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాపు బొమ్మకూ, ట్రాఫిక్ సమాచారానికీ. నెట్ ఉంటే ఉపగ్రహాల ఆచూకీ ముందే తెలిసి స్థానం త్వరగా దొరుకుతుంది, లేకపోతే కాసేపు ఆగాలి, అంతే తేడా. ఆరుబయట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగమే అంటోంది. రోడ్డు మలుపు పట్టుకోవడానికి అది చాలు.

ఆ మాట మీద నా పాత ఫోన్ తీసి, సిమ్ లేకుండానే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ తెరిచాను. పుత్లీబౌలి సందులో ఎత్తయిన గోడల మధ్య చుక్క అటూ ఇటూ తచ్చాడింది. సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తే ఇలాగే అవుతుంది. కుర్రాడి బండి మీద ఇద్దరం చాదర్‌ఘాట్ వంతెన దాకా వెళ్లాం. మూసీ మీద ఆకాశం తెరుచుకోగానే చుక్క కుదురుకుంది. యాప్‌లో ఒక్కో ఉపగ్రహం పక్కన దాన్ని నడిపేవాళ్ల జెండా కనిపిస్తుంది: అమెరికా, రష్యా, యూరప్, చైనా. కుర్రాడి ఫోన్‌లోనూ అదే యాప్ తెరిస్తే మన జెండా కూడా కనిపించింది. ఆ జెండా ఉన్నవి మన సొంత స్థాననిర్ణయ వ్యవస్థ అయిన నావిక్ ఉపగ్రహాలు. ఆ వరుసలో మొదటిది 2013 జూలైలో మన శ్రీహరికోట నుంచే ఎగిరిందని చెబితే ఆ అబ్బాయి ముఖం వెలిగింది. దారి కోసం సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు ఈ పరీక్ష ఆరుబయట చేయించుకోకుండా డబ్బు ఇవ్వకూడదు.

వెనక్కి వచ్చేసరికి బిగింపు పని చేసే ఉస్తాద్ ఖాళీ అయ్యాడు. వీధిలో అందరూ ఆయన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఫుట్‌పాత్ అంచున చిన్న పీట, పక్కన స్పానర్ల డబ్బా, మెడలో మల్టీమీటర్. ఈ పర్యటనలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

కుర్రాడి ఫోన్ చేతిలోకి తీసుకుని కెమెరా తెరిచాడు. తెర మీద బొమ్మ సన్నగా వణుకుతోంది, ఫోకస్ కుదరడం లేదు. "హ్యాండిల్‌కు గట్టిగ బిగించిన్రు. ఇంజిన్ వైబ్రేషన్ మొత్తం కెమెరాకే పోతది సార్" అన్నాడు. చేయి వణికినా బొమ్మ కదలకుండా నిలిపే సన్నని భాగాలు నేటి కెమెరాల్లో చాలావాటిలో ఉంటాయి, ఇంజిన్ అదురుకు అవి దెబ్బతినవచ్చు. ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబర్‌లో ఈ విషయమే హెచ్చరించింది. శక్తిమంతమైన ఇంజిన్ల బైకులకు ఐఫోన్ బిగించవద్దంది, స్కూటర్లకైతే అదురు తగ్గించే హోల్డర్ వాడమంది. ఉస్తాద్ దగ్గర రబ్బరు డ్యాంపర్లు ఉన్నాయి. హోల్డర్‌కూ క్లాంప్‌కూ నడుమ అవి బిగిస్తే అదురులో చాలాభాగం అక్కడే ఆగిపోతుంది. అద్దం కాడకు బిగించే హోల్డర్లు ఆయనకు నచ్చవు. కాడ చివర ఊపు ఎక్కువ. హ్యాండిల్ మధ్యలో, స్పీడోమీటర్‌కు అడ్డం రాకుండా, చూపు రోడ్డు మీంచి ఎక్కువ కిందికి దిగనక్కర్లేని ఎత్తులో పెట్టాలంటాడు.

తర్వాత కరెంటు. నావిగేషన్ నడుస్తూ తెర పూర్తి వెలుగులో ఉంటే ఫోన్ చార్జి చూస్తుండగానే కరిగిపోతుంది. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు అందితేనే నిలబడుతుంది. 35 వాట్ల హెడ్‌లైట్ ఇంజిన్ నడిచినంతసేపూ మోసే బండికి 10 వాట్లు బరువేమీ కాదు. చిక్కంతా కలిపే చోటులో ఉంది. చాలాచోట్ల చార్జర్ వైరును నేరుగా బ్యాటరీకి తగిలించి పంపేస్తారు. తాళం తీసినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. వంద సీసీ బండ్ల బ్యాటరీ 3 ఆంపియర్ అవర్ల చుట్టూ ఉంటుంది, రాత్రంతా ఫోన్ తగిలించి వదిలేస్తే పొద్దున సెల్ఫ్ కొట్టదు. ఉస్తాద్ కుర్రాడి బండికి మల్టీమీటర్ పెట్టి, తాళం తిప్పితేనే ప్రాణం వచ్చే వైరు వెతికి, చార్జర్‌ను దానికి కలిపాడు. మధ్యలో చిన్న ఫ్యూజు వేశాడు. ఫ్యూజు లేని చార్జర్ బిగించమని గిరాకీ ఎంత ఒత్తిడి చేసినా ఆయన ఒప్పుకోడు. వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే సీటు కింద పెట్రోలు ట్యాంకు పక్కనే నిప్పు రాజుకోవచ్చు. వారంటీలో ఉన్న కొత్త బండికి మాత్రం వైర్లు కోయవద్దనీ, కంపెనీ ఇచ్చిన యూఎస్‌బీ సాకెట్ ఉంటే దాన్నే వాడమనీ చెప్పాడు.

ఎండ సంగతి ఆయన చెప్పక్కర్లేదు, మన వేసవి చెబుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడాలని ఆపిల్ రాస్తుంది. మేలో ఖమ్మం, రామగుండం 45 చూస్తాయి. మందపాటి కవరు తీసేసి, తెర మీద చిన్న నీడతొడుగు వేస్తే కొంత మేలు. వానకు జిప్పు సంచి హోల్డర్లు బాగానే ఉంటాయి గాని ఎండలో అవే ఫోన్‌ను ఉడికిస్తాయి. తెర మీద పడే చినుకులు వేళ్లలాగా నొక్కేస్తాయి కాబట్టి దారి ముందే పెట్టుకుని, ఇక చెవులతో వినడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యం ఈ వినడమే అని నా నమ్మకం. హెల్మెట్ లోపల అతికించే బ్లూటూత్ స్పీకర్లు రెండు మూడు వేల నుంచి ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్ తెలుగులోనూ మలుపులు చెబుతుంది. 2020 అక్టోబర్ నుంచి అమలైన కేంద్ర నిబంధన బండి నడుపుతూ చేతి ఫోన్‌ను దారి కోసం మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడనిస్తుంది. చూపు రోడ్డు మీద, మాట చెవిలో ఉంటేనే ఆ షరతు నిజంగా నెరవేరుతుంది.

ఇక మ్యాపు. ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవాలి. గూగుల్‌లో ప్రాంతం గీసుకుని దాచుకోవచ్చు, అయితే నెట్ లేనప్పుడు ట్రాఫిక్ తెలియదు. స్వచ్ఛంద కార్యకర్తలు 2004 నుంచి గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎంఆండ్ యాప్‌లలో రాష్ట్రం మొత్తం ఫోన్‌లోకి దిగుతుంది. నల్లమలకు నేను వీటినే నమ్ముతాను. ఏ మ్యాపుకైనా హద్దులుంటాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదున్నామో కిందున్నామో ఫోన్ తేల్చుకోలేక తికమకపడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పడం గూగుల్ 2024లో మొదలుపెట్టింది. శ్రీశైలం దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందన్నది కూడా మ్యాపును కాక మనుషులను అడిగి తెలుసుకోవాల్సిందే.

నా లెక్క చివరికి ఇలా తేలింది. ఇంట్లో మూలనపడ్డ ఫోన్ ఉంటే డ్యాంపర్‌తో హోల్డర్, ఫ్యూజుతో చార్జర్, బిగింపు కూలీ కలిపి మూడు వేల చుట్టూ. సెకండ్ హ్యాండ్ ఫోన్ కూడా కొనాలంటే ఏడెనిమిది వేలు. హెల్మెట్ స్పీకర్లు దీనికి అదనం. చైనా తెర ఉంటే సౌకర్యమే, తప్పనిసరి కాదు.

ఆ డెలివరీ కుర్రాడు డ్యాంపర్ ధర అడిగి, వచ్చే నెల చూస్తానని వెళ్లిపోయాడు. రోజంతా దారి చూసుకుంటూ బతికేది అతడే. అలాంటివాళ్లను పనిలో పెట్టుకున్న కంపెనీలు టీషర్టు, సంచితోపాటు డ్యాంపర్ ఉన్న హోల్డరూ, హెల్మెట్ స్పీకరూ తమ ఖర్చుతోనే ఇవ్వాలి.