టులెట్ బోర్డు లేని ఊళ్లో

గుంటూరులో మా అమ్మకి ఇల్లు వెతికే పద్ధతి ఒకటుండేది. సాయంత్రం ఎండ తగ్గాక నన్ను చెయ్యి పట్టుకుని బ్రాడీపేట లైన్లన్నీ తిరిగేది. ఎక్కడైనా టులెట్ బోర్డు కనిపిస్తే వెంటనే గేటు తీసేది కాదు. ముందు ఆ వీధిలో ఇస్త్రీ బండి అతన్ని పలకరించేది. మంచినీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, ఓనరుగారు ఎలాంటివారు, పాతవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు, అన్నీ అతనే చెప్పేవాడు.

న్యూయార్క్‌లో గేట్లకి టులెట్ బోర్డులుండవు. ఇస్త్రీ బండి సంగతి చెప్పక్కర్లేదు.

2023 ఏప్రిల్ నెలాఖరుకి మేమున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. మా బాబుకి అప్పటికి రెండేళ్లు. క్వీన్స్‌లో ఒక బ్రోకరు మాకు సింగిల్ బెడ్‌రూమ్ చూపించాడు. అద్దె నెలకి 2,300 డాలర్లు. ఇల్లు బాగానే ఉంది. చూడటానికి పట్టింది పది నిమిషాలు. కిందకి దిగుతుంటే, తన ఫీజు ఏడాది అద్దెలో 15 శాతం అన్నాడు. మెట్ల మీదే లెక్క కట్టాను, 4,140 డాలర్లు. మొదటి నెల అద్దె, అడ్వాన్సు కలిపితే సామాను కదలకముందే 8,740. పైగా అతన్ని పెట్టుకున్నది ఓనరు, మేము కాదు. తాళం తీసి లైటు వేసినందుకు మేమిచ్చుకోవాలి!

"అందరూ ఇస్తున్నదేగా, ఇచ్చేద్దాంలే. ఆఫీసు మానుకుని ఎన్ని ఇళ్లు తిరగను?" అన్నారు మా ఆయన.

"మీరు తిరగక్కర్లేదు, నేను తిరుగుతాను," అన్నాను.

మీలో హెచ్4 మీద వచ్చినవాళ్లకి ఆ మాట ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నాకు వర్క్ పర్మిట్ లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, గుంటూరులో మూడేళ్లు జూనియర్ కాలేజీలో ల్యాబ్ చూసుకున్నదాన్ని, ఈ దేశంలో ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేదు. కానీ నాలుగు వేల డాలర్లు చేజారిపోకుండా ఆపడానికి ఏ వీసా అడ్డం రాదు కదా.

మొదట అందరిలాగే ఫోన్లో 'నో ఫీ' అని ఉన్నవి వెతికాను. వాటిలో ఒక తిరకాసుంది, జాగ్రత్త. అద్దె 2,383 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు అద్దె 2,600. ఏడాదిలో ఒక నెల ఉచితం అని చెప్పి, ఆ తగ్గింపుని పన్నెండు నెలలకీ పంచి చూపిస్తారు. రెండో ఏడాది కొత్త లీజు రాసేటప్పుడు 2,600 నుంచే లెక్క మొదలవుతుంది.

ఆ తర్వాత బాబుని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి జాక్సన్ హైట్స్ వీధులు పట్టుకున్నాను. 74వ వీధిలో పటేల్ బ్రదర్స్, నగల షాపులు, చీరల షాపులు మీకు తెలిసినవే. పక్కన రూజ్‌వెల్ట్ అవెన్యూలో నెత్తిమీద 7 నంబరు రైలు పోతుంటే మన మాట మనకే వినపడదు. కానీ అక్కడినుంచి ఉత్తరంగా నాలుగు అడుగులు వేసి 37వ అవెన్యూ దాటితే ఊరే మారిపోతుంది. వందేళ్ల నాటి ఇటుక భవనాలు, వాటి మధ్యలో బయటికి కనపడని తోటలు. 35వ అవెన్యూ, 81వ వీధి కలిసేచోట వీధి బోర్డు మీద ప్రతి అక్షరం కింద ఒక అంకె ఉంటుంది. స్క్రాబుల్ ఆట పుట్టిన పేట ఇది. 34వ అవెన్యూలో 26 బ్లాకుల మేర కార్లకంటే మనుషులకే ఎక్కువ చోటు. అక్కడ బెంచీ మీద కూర్చుని బాబుకి పెరుగన్నం పెట్టేదాన్ని.

ఆ తోటల భవనాల్లో చాలావరకు కో-ఆప్‌లు. అద్దెకి చేరాలన్నా వాళ్ల బోర్డు ఒప్పుకోవాలి. అవి వదిలేసి అద్దె భవనాలే రాసుకున్నాను.

వారం తిరిగాక ఇక్కడి ఇస్త్రీ బండి ఎవరో కనిపెట్టాను. సూపర్! అంటే భవనం బాగోగులు చూసుకునే సూపరింటెండెంట్. చెత్త సంచులు బయట పెట్టే రోజు పొద్దున్నే వెళితే దొరుకుతాడు. చాలా లాబీల్లో అతని ఫోను నంబరు అంటించి ఉంటుంది. ఎవరు ఖాళీ చేస్తున్నారో బ్రోకరుకన్నా నెల ముందే అతనికి తెలుస్తుంది. నోట్‌బుక్‌లో గళ్లు గీసి భవనం, సూపర్, ఖాళీ, వాసన అని రాసుకున్నాను. నవ్వకండి, బొద్దింకల మందు ఎక్కువ కొట్టిన లాబీ తలుపు తీయగానే తెలిసిపోతుంది. రాత్రిపూట నగర గృహ శాఖ వెబ్‌సైట్‌లో ఆ చిరునామాలు కొట్టి, ఏ భవనం మీద ఎన్ని ఫిర్యాదులున్నాయో చూసేదాన్ని. నాకు బాగా నచ్చిన ఒక భవనంలో హీటు రావట్లేదని పేజీ నిండా ఉన్నాయి. కొట్టేశాను.

ముప్ఫై ఒకటో భవనం సూపర్‌ది ఈక్వడార్. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ సరిసమానం. "బేబీ కోల్డ్, గో హోమ్, ఐ కాల్," అన్నాడు. ఎవరు చెయ్యరులే అనుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత నిజంగానే ఫోన్ చేశాడు. నాలుగో అంతస్తు, సింగిల్ బెడ్‌రూమ్, 2,250.

థర్మామీటరు తీసుకుని వెళ్లాను. చలికాలం నిబంధన ప్రకారం బయట 55 డిగ్రీలకంటే తగ్గితే పగటిపూట ఇంట్లో కనీసం 68 ఉండాలి. 71 చూపించింది. సూపర్ నన్నూ థర్మామీటర్నీ మార్చి మార్చి చూశాడు.

మేనేజ్‌మెంటు ఆఫీసులో అప్లికేషన్‌కి 20 డాలర్లు తీసుకున్నారు. రాష్ట్ర చట్టం ప్రకారం అంతకుమించి తీసుకోకూడదు, అడ్వాన్సు కూడా ఒక నెలకి మించకూడదు. అద్దెకి నలభై రెట్లు ఏడాది జీతం చూపించమన్నారు. అంటే 90,000. మా ఆయన జీతం బొటాబొటిగా దాటింది.

లీజు కాగితాల్లో అద్దెదారు అన్నచోట ఆయన పేరొక్కటే ఉంది. నన్ను, బాబుని కలిపి 'ఉండేవాళ్లు' అన్న గడిలో వేశారు. పాత ఇంటికీ అలాగే ఉండేది, అప్పుడు నేను చదవనేలేదు. లైబ్రరీ కార్డుకి చిరునామా రుజువు అడిగితే ఆయన చేత ఉత్తరం రాయించుకుని వెళ్లాల్సి వచ్చింది. ఈసారి పెన్ను పెట్టలేదు. "నా పేరు కూడా అద్దెదారుగా రాయండి," అన్నాను. జీతం లేదు కదా అంది ఆవిడ. "ఆయన జీతం ఇద్దరికీ సరిపోతుందని మీరే లెక్క చూశారుగా," అన్నాను. మా ఆయన నావైపు ఒకసారి చూసి, "అవును, రాయండి," అన్నారు. ఆవిడ కాగితం మళ్లీ ప్రింటు తీసింది.

2025 జూన్ 11 నుంచి న్యూయార్క్ నగరంలో చట్టం మారింది. బ్రోకరును ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి మనం కట్టక్కర్లేదు. మనమే పిలిచి పెట్టుకుంటే మాత్రం మనదే ఖర్చు. నది దాటి జెర్సీ సిటీకి వెళ్తే ఈ చట్టం వర్తించదు. అక్కడ చూసుకుంటున్నవాళ్లు ముందే అడగండి. ఆ ఫీజుని ఓనర్లు అద్దెలో కలిపేస్తున్నారని మా భవనంలో గొణుగుడు ఉంది. కలిపినా కలపకపోయినా, ఒకేసారి నాలుగు వేలు తెచ్చి పెట్టే బాధ తప్పింది.

సూపర్ మా దగ్గర ఏమీ అడగలేదు. క్రిస్మస్‌కి అందరూ ఇచ్చినట్టే కవరులో 50 డాలర్లు పెట్టి, సున్నుండల డబ్బాతో ఇచ్చాను. మర్నాడు ఖాళీ డబ్బా తెచ్చి ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

మొన్న ఒంగోలు అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఇల్లు వెతుకుతున్నాం, ఏ యాప్ మంచిది?"

"చెత్త సంచులు బయట పెట్టేది మంగళవారం," అన్నాను. "పొద్దున ఏడింటికి వచ్చెయ్. మంచి బూట్లు వేసుకునిరా."

మా పై అంతస్తు వాళ్లు మే నెలలో వెళ్లిపోతున్నారని సూపర్ అప్పటికే చెప్పి ఉన్నాడు.