నాయుడుపేటలో తరిమెన తిరిగింది!

కొత్తది కొనే స్తోమత లేదు. పాతది కొంటే మోసపోతామేమోనని భయం. చేతిలో ఉన్నదేమో చీటీ పాడిన డబ్బు! ఓ వడ్రంగి బావ, ఓ విలేకరి బావమరిది కలిసి కొయ్యపని చేసే లేత్ మిషన్ కోసం నాయుడుపేట నుంచి చెన్నైకీ, అక్కణ్నుంచి శ్రీకాళహస్తికీ తిరిగిన కథ ఇది.

నాయుడుపేట అనగానే చాలామందికి గుర్తొచ్చేది హైవే. చెన్నై-కోల్‌కతా రోడ్డు మీద వస్తూ తిరుపతి వైపు మలుపు తిరిగే చోటు. బస్సు ఆగితే ఓ టీ తాగి, కాళ్లు సాగదీసుకుని మళ్లీ ఎక్కేసే ఊరు. పక్కనే స్వర్ణముఖి నది, చెన్నై-గూడూరు రైలు మార్గం. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా మాటలో యాస మాత్రం ఇంకా నెల్లూరుదే!

మాకైతే అది అక్కావాళ్ల ఊరు. బావది వడ్రంగం. పాతికేళ్లుగా గుమ్మాలు, తలుపులు, కిటికీలు చేస్తూ ఇల్లు నడిపాడు. ఈమధ్య పని తగ్గింది. ఇళ్లు కట్టేవాళ్లు రెడీమేడ్ తలుపులు తెచ్చి బిగించుకుంటున్నారు. కిటికీలకు కొయ్య మాటే లేదు. ఎప్పుడన్నా మంచం కోళ్లో, మెట్లకు గుండ్రటి కడ్డీలో, ఉయ్యాలో చేసిపెట్టమని అడిగితే ఆ కడ్డీల్ని బయట తిప్పించుకుని రావాలి. మిగిలేది అంతంతమాత్రం.

‘అయ్యేవో మనమే తిప్పుకుంటే నాలుగు రూపాయలు మిగులుతాయి గదా?’ అన్నాడు బావ ఓరోజు. అక్క ఏమీ అనకుండా లోపలికెళ్లి చీటీ డబ్బు తెచ్చింది. నలభై వేలు. ‘ముప్పై దాటనీయొద్దు. మిగతాది పాప కాలేజీ ఫీజు. పోతే పోయిందిలే అనుకునే డబ్బు కాదిది’ అంది. ఆ మాట అన్నది బావతోనే అయినా, చూసింది మాత్రం నావైపు. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని అక్క నమ్మకం మరి!

తిరిగేది కొయ్యా... ఉలా?

మనవాళ్లు తరిమెన అన్నదాన్నే ఇప్పుడు కొయ్య లేత్ అంటున్నాం. పని సూత్రం తేలిక. మామూలు చెక్కడంలో కొయ్య కదలదు, ఉలి కదులుతుంది. తరిమెన మీద కొయ్యే గిరగిరా తిరుగుతుంది, ఉలిని ఆసరా మీద ఆనించి పట్టుకుంటే పొట్టు రాలుతూ గుండ్రటి రూపం వస్తుంది. బొంగరం, అప్పడాల కర్ర, కుంకుమ భరిణె, నవారు మంచం కోడు, పిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల బండి... అన్నీ దీని బిడ్డలే. మోటార్లు లేని రోజుల్లో ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు.

మా వేట హైవే పక్కనే మొదలైంది. ‘పాత లేత్ ఉందా?’ అని అడిగితే లారీల మరమ్మతు షెడ్డులో ఒకాయన గర్వంగా ఓ మిషన్ చూపించాడు. భారీగా ఉంది. ధర కూడా అందుబాటులోనే ఉంది. బావ చుట్టూ ఓసారి తిరిగి తల అడ్డంగా ఊపాడు. అది ఇనుము తిప్పే లేత్. దాంట్లో పనిముట్టును బిగించేస్తారు, మరే దాన్ని ముందుకు నడుపుతుంది. కొయ్య పనిలో ఉలి మనిషి చేతిలోనే ఉండాలి. పైగా కొయ్యకు కావాల్సినంత వేగం ఇలాంటి పాతవాటిలో చాలావాటికి ఉండదు. ‘లేత్’ అని అడిగితే మన ఊళ్లలో ముందు చూపించేది ఇనుపదే. మొదటి పాఠం అలా పైసా ఖర్చు లేకుండా దక్కింది.

రంగు చూసి మురిసిపోతే...

తర్వాతి ఆదివారం ప్యాసింజరు రైలెక్కాం. దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటుకుంటూ చెన్నై చేరాం. నగర శివార్లలో పాత మిషన్లు అమ్మే షెడ్డొకటి ఉందని ఎవరో చెప్పారు. వెళ్లగానే కళ్లు జిగేల్‌మన్నాయి. ఆకుపచ్చ రంగు వేసిన కొయ్య లేత్... పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. ముప్పై రెండు వేలన్నాడు. నాకైతే వెంటనే అడ్వాన్సు ఇచ్చేద్దామనిపించింది.

బావ జేబులోంచి నూలుదారం తీశాడు. మిషన్‌కి వెన్నెముకలాంటి పొడవాటి బెడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగి పట్టుకోమన్నాడు. వంగి ఓ కన్ను మూసి చూశాడు. మధ్యలో దారానికీ ఇనుముకీ సందుంది. తర్వాత తోకభాగాన్ని జరుపుకుంటూ తలభాగం దగ్గరకు తెచ్చాడు. రెండు మొనలూ ముక్కుకు ముక్కు తగలాలి. తగల్లేదు, ఒకటి పక్కకు పోయింది. గోటితో రంగు గీకితే తలభాగం కింద వెల్డింగ్ మచ్చ! ఎప్పుడో పగిలిన పోతను అతికి, రంగేసి నిలబెట్టారన్నమాట.

ఇంకొకటి కూడా తేలింది. అది త్రీఫేజ్ మోటారు. మన ఇళ్లలో ఉండే సింగిల్ ఫేజ్ కరెంటుకు అది నేరుగా నడవదు. మోటారైనా మార్చాలి, కనెక్షనైనా మార్చుకోవాలి. ‘బేరింగు పోతే మారుస్తాం, బెల్టు తెగితే మారుస్తాం. ఎముక ఇరిగినోడికి కొత్త చొక్కా ఏస్తే ఏం లాభం?’ అన్నాడు బావ బయటకొచ్చాక. రైల్లో తిరిగొస్తూ ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఏటికొప్పాక గుర్తొచ్చింది

ఆ రాత్రి నాకు గతంలో ఓ కథనం కోసం వెళ్లిన ఏటికొప్పాక గుర్తొచ్చింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు లక్కబొమ్మలకు పుట్టినిల్లు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూనే దానికి లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్రం తరఫున నడిచిన శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

అక్కడ నేను చూసిన మిషన్లేవీ మెరిసేవి కావు. నూనె మరకలు, పొట్టు, పాత మోటార్లు. కానీ తిరుగుతుంటే వణుకు లేదు. అంటే పాతది కొనాలంటే అమ్మే షెడ్డుకు కాదు, పనిచేసే చోటుకు వెళ్లాలి. ఆ సంగతి తట్టేసరికి తెల్లవారింది. శ్రీకాళహస్తి-తిరుపతి దారిలో మాధవమాల ఉందిగా! కొయ్య విగ్రహాలు చెక్కే ఊరు. వాళ్లది ఉలి, సుత్తి పనే అయినా చుట్టుపక్కల కొయ్యపని చేసేవాళ్లంతా తెలిసి ఉంటారు. వెళ్లి అడిగితే ఓ శిల్పి వెంటనే చెప్పాడు. ‘కాళహస్తిలో ఓ పెద్దాయన ఉన్నాడు. కళ్లు సరిగా కనపడక పని మానేస్తున్నాడు. పోయి మాట్లాడండి’ అని.

ఐదు రూపాయల బిళ్ల నిలబడింది

పెద్దాయన రేకుల షెడ్డులో ఉన్న మిషన్‌కు రంగనేది ఎప్పుడో పోయింది. ఇనుప పోత మీద చేతులు ఆని ఆని నున్నగా నల్లబడింది. బావ దారం లాగాడు... సరిగ్గా ఉంది. మొనలు కలిపాడు... ముక్కుకు ముక్కు తగిలాయి. తోకభాగం బిగిస్తే కదల్లేదు. రెండు మొనల మధ్య మూడున్నర అడుగులు పడుతుంది. మంచం కోడుకే కాదు, మెట్ల కడ్డీకీ సరిపోతుంది. మోటారు ఒక హార్స్‌పవర్, సింగిల్ ఫేజ్.

బెల్టు తీసి ఇరుసును పట్టుకుని కిందికీ మీదికీ ఊపి చూశాడు. కొద్దిగా ఆడింది. చేత్తో తిప్పితే గరగరమంది. ‘బేరింగు పోయింది నాయనా, దాచేదేముంది?’ అన్నాడు పెద్దాయనే. మోటారు వేసి, బెడ్డు మీద ఐదు రూపాయల బిళ్లను అంచు మీద నిలబెట్టాడు. మిషన్ తిరుగుతోంది, బిళ్ల నిలబడే ఉంది! ‘అరిగిన బేరింగుతోనే ఇట్టా నిలబడితే, కొత్తది ఏస్తే ఎట్టుంటాదో సూడు’ అని నవ్వాడు.

బేరం మొదలుపెడదామని మేము అనుకుంటుండగానే ఆయన బావకు ఓ వేపకొమ్మ అందించాడు. ‘తిప్పు, చూద్దాం’ అన్నాడు. పాతికేళ్ల అనుభవం ఉన్న వడ్రంగి కదా, బావ ధీమాగా ఉలి ఆనించాడు. టక్‌మని ఓ చప్పుడు! ఉలి కొయ్యలో దిగబడి కొమ్మ ఎగిరి అవతల పడింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

‘తలుపులు చేసే చేయి వేరు, ఇది వేరు అబ్బాయ్’ అంటూ పెద్దాయన లేచాడు. ముందు బావ భుజం మీది తువ్వాలు తీయించాడు. ఆసరాను కొయ్యకు దగ్గరగా జరిపాడు. స్విచ్చి వేసే ముందు కొయ్యను చేత్తో ఓ చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూపించాడు. ‘ఉలి అంచుతో పొడవకూడదు. ముందు దాని వాలు కొయ్యకి ఆనాలి, తర్వాత మెల్లిగా అంచు కొరకాలి’ అన్నాడు. మూడోసారికి పొడవాటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది. బావ ముఖం చూడాలి... బడిలో మొదటిసారి అఆలు దిద్దిన పిల్లాడిలా ఉంది!

పాతికవేలు అడిగాడు. బేరింగులు, బెల్టు లెక్క తీసేసి ఇరవై రెండుకు ఒప్పుకున్నాడు. ఏ ఉలి ఎందుకో చెప్పి నాలుగు ఉలులు కూడా ఇచ్చాడు. మిషన్‌ను టాటా ఏస్‌లోకి ఎక్కిస్తుంటే పెద్దాయన లోపలికి వెళ్లిపోయాడు. మేం బయల్దేరే దాకా మళ్లీ బయటకు రాలేదు.

మీరూ కొనాలనుకుంటున్నారా?

మొదట ఏం చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి. భరిణెలకు, బొంగరాలకు చిన్న మిషన్ చాలు. కడ్డీలకైతే పొడవు కావాలి. మోటారు తిరగనిదే, మీ చేత్తో ఓ కొయ్య తిప్పి చూడనిదే డబ్బు ఇవ్వొద్దు. ఇరుసుకున్న మర ఏ కొలతో కనుక్కోండి. మామూలు కొలత కాకపోతే చక్కులాంటి విడిభాగాలు దొరక్క అవస్థ పడతారు. మిషన్‌తోనే ఖర్చు అయిపోదు. ఉలులకు పదును పెట్టే గ్రైండరు, కళ్లద్దాలు, ముఖానికి అడ్డు, బెల్టు మీద మూత... వీటికీ కొంత ఉంచుకోండి. చేతి తొడుగులు, వదులు బట్టలు, చేతి గొలుసులు తిరిగే మిషన్ దగ్గరకు వెళ్లకూడదు. పెద్ద కొయ్య ఎక్కించినప్పుడు వేగం తగ్గించాలి. నేర్చుకోవడానికి వేప, మామిడి కొమ్మలు చాలు. అన్నట్టు మాది ఎర్రచందనం సీమ. అనుమతి పత్రాల్లేని ఎర్రచందనం ముక్క ఎవరైనా తెచ్చి తిప్పమంటే దణ్నం పెట్టి పంపేయండి.

ఇంతకీ అక్క లెక్కేమైందంటారా? మిషన్ ఇరవై రెండు వేలు, బండి కిరాయి రెండు వేలు, బేరింగులకూ బెల్టుకూ వెయ్యి, గ్రైండరుకు రెండున్నర, కళ్లద్దాలకూ మిగతావాటికీ ఐదొందలు. మొత్తం ఇరవై ఎనిమిది వేలు. పాప ఫీజు గడువులోపే కట్టేశారు. నెల తిరిగేసరికి పక్క వీధివాళ్లు ఓ మంచానికి నాలుగు కోళ్లు అడిగారు. వాటిలో రెండు మళ్లీ చేయాల్సొచ్చిందట. ఆ సంగతి బావ చెప్పలేదు, అక్క చెప్పింది.

మా ఇంటికి మాత్రం ఓ అప్పడాల కర్ర వచ్చింది. బావ చేతి మొదటి సరుకు. ఓ చివర కాస్త లావు. దాంతో మా ఆవిడ చపాతీ వత్తితే అది గుండ్రంగా రాదు, శ్రీలంక పటంలా వస్తుంది. మార్చుకుంటామంటే బావ ఇంకోటి ఇస్తాడు. మేమే అడగలేదు.